మరమ్మతులో ఉంది

బల్ల మీద చేతిగడియారం, పెన్ను, సెల్‌ఫోను, పెళ్ళినాటి ఉంగరం, వాటి పక్కన చుట్టచుట్టి పెట్టిన తోలు బెల్టు. అన్నీ ఉన్నాయి, మనిషి మాత్రం శుక్రవారం నుంచి లేడు. ఇవాళ బుధవారం.

"ఫోను ఇక్కడే వదిలేసి పోయాడంటేనే తెలియట్లేదా వదినా? మనం వెంటపడతామని ముందే జాగ్రత్తపడ్డాడు," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్, మ్యూజియం మరమ్మతుల గది గుమ్మానికి భుజం ఆనించి.

వదిన అన్నది ఆవిడ పేరేమీ కాదు. ఆవిడా పోలీసు డిపార్ట్‌మెంటులోనే తల నెరిసేదాకా చేసింది. ఆవిడ భర్త తమ్ముడైన ఇతను అదే స్టేషనులో చేరి, మొదటిరోజే అందరి ముందూ నోరారా "వదినా" అని పిలిచాడు. అంతే, కానిస్టేబుల్ మొదలుకుని కమిషనర్ దాకా అందరికీ ఆవిడ వదినైపోయింది. రిటైరయి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నా ఆ వరస మాత్రం ఆవిడని వదల్లేదు. మరిదే మారాడు. అప్పట్లో ఆ పిలుపులో కాస్త భయం, కాస్త ప్రేమ ఉండేవి. భుజం మీద చుక్కలు పెరిగేకొద్దీ అది వెటకారంగా మారింది.

"మూడింటికి ప్రెస్‌మీట్ పెట్టాను. దొంగ ఫోటో ఇచ్చేస్తాను. ఈలోగా మీరు చూసుకునేదేదో చూసుకోండి," అన్నాడు మరిది.

దొంగ అన్న మాటకి కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మాయి తల దించుకుంది. తప్పిపోయినాయన కూతురు. ఆయన్ని ఈ మ్యూజియంలో అందరూ బొమ్మల డాక్టరు అనేవారు. చిరిగిన కాన్వాసులు అతికేవాడు, రాలిపోతున్న రంగుని చుక్క చుక్కగా నిలబెట్టేవాడు. ముప్ఫై ఏళ్ళు అదే పని. ఇప్పుడు మ్యూజియంకే తలమానికమైన 'తడి బట్టలు' అనే బొమ్మ కనబడ్డంలేదు, ఆయనా కనబడ్డంలేదు. రెంటినీ కలిపి ముడేసి కేసు మూసెయ్యడానికి మరిదికి నాలుగు రోజులు కూడా అవసరం లేకపోయింది. నిన్న బళ్ళో ఆ అమ్మాయి కొడుకుని తోటిపిల్లలు "మీ తాతయ్య దొంగటగా" అన్నారట. పిల్లాడు అన్నం ముట్టలేదట. ఆ మాట చెప్పుకుని ఏడ్చి, మా నాన్నని వెతికిపెట్టండి మేడం, దొంగో కాదో తర్వాత, ముందు ఎక్కడున్నాడో చెప్పండి అని వదిన కాళ్ళా వేళ్ళా పడింది.

వదిన బెల్టు చేతిలోకి తీసుకుంది. పాత కన్నాలకి లోపలివైపు కొత్తగా రెండు కన్నాలు పొడిచి ఉన్నాయి.

"మీ నాన్న ఈమధ్య చిక్కిపోయారా తల్లీ?"

"బాగా చిక్కిపోయారు మేడం. పోయినేడాది గొంతు ఆపరేషనయింది. అప్పట్నుంచీ తిండి తక్కువ. మాట కూడా గుసగుసగా వస్తుందంతే. పక్కగదిలోంచి పిలవాలంటే తలుపు మీద కొడతారు."

"మరి బెల్టు తీసి పెట్టారేం?"

"బొమ్మ ముట్టుకునే ముందు తీసేస్తారు. బకిల్ గీరుకుంటుందని. ఉంగరం, గడియారం, జేబులో పెన్ను, ఫోను, అన్నీ తీసి ఇలా బల్ల మీద పెట్టాకే లోపలికెళ్తారు. మా చిన్నప్పుడు మమ్మల్ని ఎత్తుకోవాలన్నా ముందు జేబు తడుముకునేవారు."

వదిన మరిది వైపు తిరిగింది. "పారిపోయేవాడు ఒక చేత్తో బొమ్మ, ఒక చేత్తో జారిపోయే ప్యాంటు పట్టుకుని పరిగెత్తాడంటావా మరిదీ?"

"దొంగిలించే ముందూ ముట్టుకోవాలిగా వదినా. గీత పడితే ఎవడు కొంటాడు?"

"సరే, ముట్టుకున్నాడు, తీశాడు. పోయేటప్పుడు పెళ్ళాం పెట్టిన ఉంగరం జేబులో వేసుకోవడానికేం వచ్చింది? నీ దొంగ ఈ బల్ల దగ్గర్నుంచి బొమ్మల దగ్గరికెళ్ళాడు. మళ్ళీ ఈ బల్ల దగ్గరికి రాలేదు. ఏం జరిగినా బొమ్మలున్న చోటే జరిగింది. ఆ చోటు చూశావా?"

"ఎక్కడో భద్రంగా పెట్టామన్నారు డైరెక్టర్ గారు."

"ఎక్కడో అంటే?"

మరిది టోపీ సర్దుకున్నాడు. అడగలేదని ఆ సర్దుకోవడంలోనే తెలిసిపోయింది. వదినకి ఒళ్ళు మండింది. తన దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇంత మొద్దు ఎలా అయ్యాడా అనుకుంది. అమ్మాయిని ఆ గదిలోనే కూర్చోమని చెప్పి బయటికి నడిచింది. మరిది గొణుక్కుంటూనే వెనకాల వచ్చాడు.

డైరెక్టర్ కాఫీ షాపులో ఉన్నాడు. మ్యూజియం లోపలి కాఫీ షాపే అది. ఏడాది క్రితం దాకా అది బొమ్మలు దాచే స్టోరు. చల్లగా, పొడిగా ఉంచే యంత్రాలు పీకేసి కాఫీ యంత్రం పెట్టారు. డైరెక్టర్ నలభై దాటని మనిషి. ఎవర్ని చూసినా నవ్వుతాడు. ఆ నవ్వు ఎదుటివాళ్ళ కోసం కాదు, అలవాటు.

"మీ బొమ్మలెక్కడున్నాయి బాబూ?" వదిన కుర్చీ లాక్కుంటూనే అడిగింది.

"కాఫీ తాగుతారా మేడం?"

"బొమ్మలు."

"మేడం, నేనొచ్చేసరికి ఈ మ్యూజియంకి ఎవరొచ్చేవారో తెలుసా? వానపడితే తలదాచుకునేవాళ్ళు, బాత్రూం కోసం వచ్చేవాళ్ళు. గోడలకి బొమ్మలు వేలాడేవి, వాటి కింద గార్డులు కునికేవారు. ఇప్పుడు బయట క్యూ చూశారుగా. మ్యూజియమంటే పాతసామాన్ల కొట్టు కాదు. ఇప్పుడు జనం బొమ్మని చూడ్డానికి రారు. బొమ్మ లోపల నిలబడ్డానికొస్తారు, ఫోటో తీసుకుంటారు, నలుగురికి చూపిస్తారు. రెండో హాలు చూడండి. ప్రొజెక్టర్ వెలుగులో 'తడి బట్టలు' గోడంతా కదులుతుంటుంది, పొగమంచు కాళ్ళకి తగుల్తుంది. చిన్నపిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఇది తప్పంటారా?"

తప్పని వదిన అనలేకపోయింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి, ఈ మ్యూజియం గడప ఆవిడ ఇదివరకు తొక్కితే ఒట్టు. తనలాంటివాళ్ళు రానందువల్లే కదా ఈ కాఫీ షాపు అనుకుంటే నోరు చేదయింది. కానీ అడగాల్సింది అడగాలి.

"కేరింతలు కొట్టనీ. అసలు బొమ్మలెక్కడ?"

"సురక్షితంగా ఉన్నాయి. భద్రతా కారణాల వల్ల చోటు చెప్పకూడదు."

"దొంగ పారిపోయాడని కంప్లైంటిచ్చింది నువ్వే. ఇంకెవరి నుంచి భద్రత? పోలీసుల నుంచా?"

డైరెక్టర్ నవ్వు చెదరలేదు కానీ చేతిలో కప్పు సాసర్‌కి తగిలి టకటకమంది. "ఉన్నతాధికారులతో మాట్లాడి చెప్తాను," అని నీళ్ళు నమిలాడు.

"వదినా, పెద్దమనిషితో ఆ మాటలేంటి?" మరిది మధ్యలో దూరాడు. "మీరు రిటైరయ్యారు. గుర్తుందా? ఈయన మనకి ఎంత సహకరించారో మీకు తెలీదు. శనివారం మా ఇంటిల్లిపాదికీ పాసులిచ్చి దగ్గరుండి తిప్పారు."

"దర్యాప్తు చేస్తున్న కేసులో పాసులు పుచ్చుకున్నావన్నమాట."

"ఇదిగో, ఇందుకే అన్నయ్య మీతో వేగలేక..." అని నాలిక్కరుచుకున్నాడు. చచ్చిపోయిన మనిషిని మధ్యలోకి లాగాడని వాడికీ తెలిసింది. మాట మార్చడానికన్నట్టు మరిది గబగబా ఫోను తీశాడు. "మా చిన్నదానికి ఎంత నచ్చిందో చూడండి. మీరూ వచ్చుంటే బావుండేది."

ఫోనులో మరిది కూతురు రెండో హాల్లో ఒక గోడ దగ్గర నిలబడి ఉంది. వెనకాల సంగీతం. పిల్ల పిడికిలితో గోడ మీద రెండుసార్లు కొట్టింది. లోపల్నుంచి రెండుసార్లు చప్పుడొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత మరిదే ముందుకొచ్చాడు, గోడకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఫోటోకి నవ్వాడు.

"ఏమిటిది?"

"అదే ఇక్కడ స్పెషల్. 'జవాబిచ్చే గోడ'. మనం కొడితే అదీ కొడుతుంది. లోపల సెన్సారో ఏదో ఉంటుంది. పేపర్లో కూడా రాశారు, మనిషి ఒంటరితనాన్ని ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదని."

వదిన ఆ వీడియో మళ్ళీ పెట్టించింది. మూడోసారీ పెట్టించింది. అప్పుడు డైరెక్టర్ వైపు చూస్తే ఆయన కుర్చీలో లేడు. అవతల తలుపు దగ్గరున్నాడు.

"ఆయన్ని బయటికి పోనివ్వకు," అంది మరిదితో. చాలా ఏళ్ళ తర్వాత పాత గొంతు వచ్చింది. మరిది ఎందుకని అడగడం మర్చిపోయి, గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌కి సైగ చేశాడు.

రెండో హాల్లో పొగమంచు మోకాళ్ళ దాకా ఉంది. గోడలంతా తీగలమీద బట్టలు ఊగుతున్నాయి, వాటినుంచి వెలుగు చుక్కలు జారుతున్నాయి. ఆ గోడ ముందు మాత్రం జనం లేరు. తాడు కట్టి, దానికొక అట్ట తగిలించారు: 'మరమ్మతులో ఉంది'.

"ఎప్పట్నుంచి?" గార్డుని అడిగింది వదిన.

"సోమవారం మధ్యాహ్నం నుంచి పనిచెయ్యట్లేదమ్మా. అంతకుముందు బానే కొట్టేది. ఆదివారం సాయంత్రానికే కాస్త నీరసించింది. జనం గొడవ చేస్తుంటే డైరెక్టర్ గారే ఈ అట్ట రాసి తగిలించారు."

"దీని స్విచ్చెక్కడ?"

గార్డు బుర్ర గోక్కున్నాడు. "స్విచ్చు లేదమ్మా. మిగతావాటికన్నిటికీ ఉంది. పొద్దున్నే మెయిన్ వెయ్యకముందు కూడా ఇది కొట్టేది. బ్యాటరీ అనుకున్నాను."

వదిన గోడకి చెవి ఆనించింది. ఏమీ లేదు. పిడికిలితో కొట్టింది. గోడ గట్టిది కాదు, ఇనప చట్రానికి రెండు వరసల ప్లైవుడ్ బిగించి రంగేసిన గోడ. కొత్త ప్రదర్శన వచ్చినప్పుడల్లా పాత గోడ ముందు ఇలాంటిది ఇంకోటి కడతారని, వెనకాల ఇద్దరు పట్టేంత సందు మిగులుతుందని గార్డు చెప్పాడు. ఆ సందులో ఏముందో తనకి తెలీదన్నాడు. అటు వైపు వెళ్ళేది డాక్టరు గారొక్కరేనట. స్టోరు పోయాక ఏసీ గాలి కాస్త తగిలే చోటు అదొక్కటేనట.

అప్పుడు చూసింది వదిన పేరుపలకని. ఈ హాల్లో మిగతా పేరుపలకలన్నీ జిగురు టేపుతో అంటించినవే, గోడకి కన్నం పడకూడదని. ఇది మాత్రం అడుగు పొడుగున్న రేకు, నాలుగు మూలలా లావుపాటి స్క్రూలు. 'జవాబిచ్చే గోడ. కళాకారుడు: అజ్ఞాతం.' రేకు కింద నుంచి ఒక సన్నటి గీత నిలువునా నేలదాకా దిగింది. రంగులో కలిసిపోయేలా చేసిన చిన్న తలుపు అది. సగం స్క్రూలు తలుపులోకి, సగం చట్రంలోకి దిగి ఉన్నాయి.

"స్క్రూడ్రైవర్ తే. ఆ పాట ఆపించు. జనాన్ని పంపించెయ్," అంది వదిన.

"వదినా, మూడింటికి ప్రెస్‌మీట్. కెమెరాలొస్తున్నాయి. ఇక్కడ గోడలు పగలగొడితే నా పరువేంకాను?" అన్నాడు మరిది.

"నీ వీడియోలో నీ కూతురు ఎన్నిసార్లు కొట్టింది?"

"రెండు."

"అది ఎన్నిసార్లు కొట్టింది?"

"రెండే. సెన్సారు..."

"స్విచ్చు లేని సెన్సారు. కేకెయ్యడానికి గొంతు లేని మనిషి తప్పిపోయాడు మరిదీ. పక్కగదిలోంచి పిలవాలంటే తలుపు కొట్టే మనిషి."

మరిది గార్డు చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని తనే రేకు మీద పడ్డాడు. స్క్రూడ్రైవర్ రెండుసార్లు జారింది. మూడు స్క్రూలు ఊడాయి. నాలుగోది మొరాయిస్తే రేకునే వంచి పీకేశాడు. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి చెమ్మవాసన, దాని వెనకే ఇంకో వాసన వచ్చాయి. ఇద్దరూ పోలీసులే. ఆ వాసనేమిటో ఇద్దరికీ తెలుసు.

లోపల సందు పొడుగునా బొమ్మలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. బయట వెలుగులో, సంగీతంలో ఊగుతున్నవాటి అసలు బొమ్మలు. కొన్నిటి మీద పొగమంచు చెమ్మకి బూజు పాకింది. తలుపు వెనకాలే బొమ్మల డాక్టరు మోకాళ్ళు ముడుచుకుని ఒరిగి ఉన్నాడు. వేళ్ళ కణుపులు చితికిపోయాయి. ఒంటి మీద చొక్కా లేదు. చొక్కా 'తడి బట్టలు' మీద ఉంది, చెమ్మ తగలకుండా నాలుగు మూలలా చక్కగా దోపి. పక్కనే టేకు ఫ్రేములు ఇన్నున్నాయి. ఒక్కటి విరగ్గొట్టి ఆ కర్రతో బాదుంటే ప్లైవుడ్ పగిలేదేమో. ఒక్కదాని మీద గీత కూడా లేదు. వదినకి, ఇంత పిచ్చి మనిషివేమిటయ్యా అని ఆ శవాన్ని తిట్టాలనిపించింది.

మరిది గోడకి చేరగిలబడి ఫోను తీశాడు. ఆ వీడియో చెరిపెయ్యబోతున్నాడని వదినకి అర్థమయింది. చెయ్యి పట్టుకుంది.

"అది సాక్ష్యం," అంది.

"వదినా, నేను నవ్వుతూ ఉన్నాను అందులో."

"అవును. నవ్వుతూనే ఉన్నావు."

డైరెక్టర్‌ని కానిస్టేబుల్ తీసుకొచ్చాడు. తెరిచిన తలుపు చూశాక ఆ మనిషి ముఖం మీద నవ్వు మొదటిసారి ఊడిపోయింది.

"స్క్రూలు ఎవరు బిగించారు?" వదిన అడిగింది.

"మంత్రిగారు వచ్చే వేళయింది మేడం. పొగమంచు ఆపకపోతే బూజు పట్టిన బొమ్మ పట్టుకొచ్చి అందరి ముందూ పెడతానన్నాడు. తేవడానికి లోపలికెళ్ళాడు. రెండు గంటలు. మంత్రిగారు వెళ్ళేదాకా రెండే రెండు గంటలు లోపలుంటాడనుకున్నాను. వేరే గోడకని తెచ్చిన రేకు అక్కడే ఉంది, బిగించేశాను."

"మరి రెండు గంటలయ్యాక?"

"మంత్రిగారుండగానే కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన ఆగి విన్నారు. అద్భుతం, ఎవరీ కళాకారుడు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు తలుపెలా తియ్యను? ఆ రేకు మీద పేరు అచ్చేయించి అంటించాను. తెల్లారి తీద్దామనుకున్నాను. తెల్లారేసరికి పేపర్లో వచ్చింది, గేటు దగ్గర క్యూ. ఇంకో గంటాగి తీద్దాం, ఇంకో గంటాగి తీద్దాం అనుకుంటూ... తీస్తే చెప్పేస్తాడు మేడం. నాకు భయమేసింది."

"బొమ్మ పోయిందని కంప్లైంటు శనివారం పొద్దున్నే ఇచ్చావు. అప్పటికే తలుపు తియ్యకూడదని తేల్చుకున్నావు. మాకు గంటల లెక్క చెప్పకు."

మరిది బేడీలు తియ్యగానే డైరెక్టర్ తనంతట తనే చేతులు ముందుకు చాపాడు. బయట క్యూలో ఎవరో షో మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందని గార్డుని అడుగుతున్నారు.

"ప్రెస్‌మీట్‌లో ఏం చెప్పను వదినా?" అన్నాడు మరిది. వెటకారం ఎటో పోయింది.

"దొంగ కాదని చెప్పు. ముందు అది చెప్పు. మిగతావి తర్వాత."

బొమ్మల డాక్టరు గదికి వెళ్ళే దారి చిన్నదే. వదిన ఆ నాలుగడుగులూ నెమ్మదిగా వేసింది. ఎంతమంది ఇళ్ళకి వెళ్ళి ఎన్నిసార్లు ఇలాంటి కబురు చెప్పినా అలవాటు కాలేదు, కాకూడదు కూడా. అమ్మాయి బెల్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. వదిన ముఖం చూడగానే లేచింది, మళ్ళీ కూర్చుంది.

"మీ నాన్న దొంగ కాదు తల్లీ. ఒక్క బొమ్మ కూడా తియ్యలేదు. అన్నిటికీ కాపలా ఉన్నారు."

"ఉన్నారా?"

వదిన తల అడ్డంగా ఊపింది. అమ్మాయి చాలాసేపు ఏడ్చింది. వదిన ఆమె తల పొట్టకి ఆనించుకుని నిలబడింది. కాసేపటికి అమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది, "ఎక్కడ మేడం?"

"రెండో హాల్లో. గోడ వెనకాల."

"ఏ గోడ?"

వదిన ఆమె భుజం మీద చెయ్యి వేసింది. చెప్పకపోయినా అమ్మాయికి తెలిసిపోయింది. చేతిలో బెల్టు జారి కింద పడింది.

"ఆదివారం నాన్న సంగతి అడుగుదామని వచ్చాను మేడం. డైరెక్టర్ గారు బిజీ, ఈలోగా లోపల తిరిగి చూడండి అన్నారు. క్యూలో నిలబడ్డాను. నా వంతొచ్చింది. నేను మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ జవాబొచ్చింది. ఎంత బాగా చేశారో అనుకున్నాను. తర్వాత అటునుంచి దానంతటదే కొట్టడం మొదలుపెట్టింది, ఆపకుండా, గబగబా. వెనకున్నవాళ్ళు మీ టైమైపోయింది జరగండి అన్నారు. నేను జరిగాను."